తాతగారి పెన్నులో ఇంకు పోయండి

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధపు గుర్తు ఏదంటే అందరూ ఊరి పక్కనున్న పాత రన్‌వేనే చూపిస్తారు. ఆ కాలపు గుర్తులు ఇళ్లల్లోనూ ఉన్నాయి. ప్లీడరో, కరణమో, బడిపంతులో ఉన్న ఇంట్లో బీరువా అడుగున వెతికితే తాతగారి పెన్ను దొరకవచ్చు. దాన్ని దాచుకోవడం కాదు, దానితో రాయాలని నా పట్టుదల.

యుద్ధం పెన్నుల మీదా పడింది. జర్మనీలో బంగారం మీద ఆంక్షలు రావడంతో ఉక్కు పాళీలు వచ్చాయి. 1942లో మలయా జపాను వశమయ్యాక రబ్బరుకు కటకట మొదలైంది. అప్పటి విదేశీ పెన్నుల్లో చాలా వాటికి లోపల ఇంకు పీల్చే రబ్బరు తిత్తి ఉండేది. ఇన్నేళ్లకు అది పెళుసెక్కి విరిగిపోతుంది. కాబట్టి పాత పెన్ను కొనేటప్పుడు కొత్త తిత్తి వేశారా అని ముందుగా అడగాలి.

మన రాజమండ్రి పెన్నుకు ఆ బెడదే లేదు. అక్కడ కోసూరి వెంకటరత్నం గారు చేసిన పెన్ను గాంధేయవాది కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొస్తుందని ఆయన 1935లో ఉత్తరం రాశారు. ఇలాంటి పెన్ను ఒళ్లంతా ఎబొనైటు, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. కడ్డీని లేతు మీద తిప్పి, తొలిచి చేస్తారు. లోపల తిత్తీ లేదు, పంపూ లేదు. మర విప్పి, డ్రాపరుతో గొట్టంలోకే ఇంకు పోసుకోవాలి.

చేతికొచ్చినది ఎబొనైటేనా అని తెలియాలంటే బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. రబ్బరు, గంధకం కలిసిన ఘాటు తగులుతుంది. నల్లటి పెన్ను గోధుమరంగుకు తిరిగితే ఎండ, తేమ తగిలిందని అర్థం. వేడినీళ్లలో నానబెడితే రంగు ఇంకా చెడుతుంది. చల్లటి నీళ్లతో, అదీ పాళీ వైపే కడగాలి.

డ్రాపరు పెన్నుల మీద అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటే, ఇంకు కక్కుతుందని. గొట్టం సగానికి పైగా ఖాళీ అయితే అరచేతి వేడికి లోపలి గాలి ఉబ్బి ఇంకును బయటికి తోస్తుంది. సగం అయ్యేసరికి మళ్లీ నింపుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. మరలకు కాస్త సిలికాన్ గ్రీజు రాయాలి. ఉక్కు పాళీ ఉన్నదాంట్లో రిజిస్టర్లకు వాడే ఇనుము కలిసిన ఇంకు పోయకండి, తుప్పు పడుతుంది.

ఇంత చేసినా పాళీ గీరుతుంటే తిరిగి బీరువాలో పెట్టేయకండి. గూడెంలో రైలెక్కి గోదావరి దాటితే రాజమండ్రి. రత్నం వారూ, 1946 నుంచి ఉన్న గైడర్ వారూ ఎబొనైటు పెన్నులు నేటికీ చేత్తో చేస్తున్నారు. పెన్ను పట్టుకెళ్లి చూపించండి.