‘ఖోల్ దో’: ఒక కాందిశీకుడి కథలో చెప్పినవీ, చెప్పనివీ

సాదత్ హసన్ మంటో ఉర్దూలో రాసిన ‘ఖోల్ దో’ దేశ విభజన మరుసటి ఏడాది, 1948లో ‘నుఖూష్’ పత్రికలో వెలువడింది. దాన్ని అచ్చువేసినందుకు ఆ పత్రిక ఆరు నెలలపాటు నిషేధానికి గురైంది. కొద్ది పేజీలే ఉన్న ఈ కథలో కాందిశీకుల బతుకును కథగా మలిచే శిల్పం దాదాపు అంతా ఇమిడి ఉంది.

అమృత్‌సర్‌లో బయలుదేరిన ప్రత్యేక రైలు ఎనిమిది గంటల తర్వాత సరిహద్దు అవతలి మొఘల్‌పురా చేరుతుంది. మర్నాడు శిబిరంలో చల్లని నేలమీద కళ్లు తెరిచిన సిరాజుద్దీన్‌కు కూతురు సకీనా కనిపించదు. ఇతివృత్తం, అంటే సంఘటనలను కార్యకారణాలతో అల్లిన తీరు, ఇక్కడ వరుసగా సాగక ఆ ముసలివాడి చెదిరిన జ్ఞాపకాన్ని అనుసరిస్తుంది: భార్య శవం, పరుగు, జారిపడిన కూతురి దుపట్టా, వదిలెయ్యమని ఆమె అరిచినా ఆగి దాన్ని అందుకోవడం. ఇప్పుడు ఆ గుడ్డ జేబులో ఉంది, పిల్ల లేదు. పరువుకు ప్రతీకగా, అంటే కనిపించే వస్తువు కనిపించని భావానికి గుర్తుగా, దుపట్టాను వాడిన కథలు చాలానే ఉన్నా, కాపాడుకున్నదేమిటో, పోగొట్టుకున్నదేమిటో ఇంత సూటిగా చూపినవి అరుదు.

దృష్టికోణం, అనగా ఎవరి కళ్లతో కథ నడుస్తోందన్నది, చాలావరకు తండ్రిదే. ఒక్కచోట మాత్రం కథకుడు అతన్ని వదిలి, వెతకడానికి వెళ్లిన ఎనిమిదిమంది స్వచ్ఛంద సేవకులకు సకీనా దొరికిన దృశ్యం చూపిస్తాడు. ఆమెకు పాలిస్తారు, దుపట్టా లేదని ఒకడు తన కోటు ఇస్తాడు. అక్కడితో తెర పడుతుంది. తర్వాత ఆ యువకులు తండ్రికి ఏమీ చెప్పరు, అతను మాత్రం వాళ్ల కోసం ప్రార్థిస్తాడు. పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలియడాన్ని నాటకీయ వైరుధ్యం అంటారు. ఆ యువకులే సకీనాపై చేసిన అఘాయిత్యాన్ని ఒక్క వాక్యంలోనూ వర్ణించకుండా మంటో దాన్ని ఈ ఖాళీలోనే ఉంచాడు. దోషులు సొంత మతంవాళ్లే కావడంతో సంఘర్షణ రెండు మతాల మధ్య గొడవగా మిగలలేదు.

చివర సకీనా చేరిన ఆసుపత్రిలో డాక్టరు కిటికీని ఉద్దేశించి ‘ఖోల్ దో’ (తెరువు) అన్న మాటను ఆమె చేతులు మరో ఆజ్ఞగా విని, బట్టల ముడిని విప్పుతాయి. ఆ కదలికకు తండ్రి కూతురు బతికే ఉందని సంబరపడితే, డాక్టరు చెమటలో తడిసిపోతాడు. తెలుగులో కిటికీని తెరుస్తారు, ముడిని విప్పుతారు. ‘తియ్యి’ అన్నా రెండూ సరిగా పలకవు. ఉర్దూలో రెంటికీ ఒకటే క్రియ. కథ నిలిచింది ఆ క్రియ మీదే కనుక, తెలుగులోకి తెచ్చేవారు పేరును ఉర్దూలోనే ఉంచడం మేలు.