కడదాకా నిలిచినవాడు

సుఖంలోను, కష్టంలోను, తుదకు శ్మశానం దాకాను తోడు నిలిచేవాడే బంధువని మన పెద్దలు ఒక శ్లోకంలో చెప్పినారు. బడిలో దానిని వల్లించినవారు చాలమంది ఉన్నారు. అందలి క్రియాపదాన్ని గమనించినవారు తక్కువ. రక్షించేవాడు బంధువని గాని, ధనమిచ్చేవాడు బంధువని గాని ఆ శ్లోకం చెప్పలేదు. నిలిచేవాడు అన్నది. చేయగలిగినదంతా ముగిసిన చోట కూడ మనుష్యుడు చేయదగిన పని ఒకటి మిగిలి ఉంటుందని, అది నిలవడమేనని ఆ ఒక్క మాట సూచిస్తున్నది. ఆ పని ఎంత కష్టమైనదో, ఎంత గొప్పదో తెలుసుకోవడానికి రెండు వందల ఏండ్ల క్రిందట రోము నగరంలో ఒక చిన్న గదిలో జరిగిన కథ తార్కాణం.

ఆ గదిలోని రోగి ఆంగ్ల మహాకవి జాన్ కీట్సు. 1795 అక్టోబరు 31న లండనులో పుట్టి, పాతికేండ్ల ప్రాయంలోనే కన్నుమూసినాడు. ఆయన పద్యాలను కళాశాలలో చదివే విద్యార్థులలో చాలమందికి ఆయన వైద్యం చదివినవాడన్న సంగతి తెలియదు. గైస్ ఆసుపత్రిలో శిక్షణ పొంది, 1816లో వైద్యం చేయడానికి అర్హత సంపాదించి కూడ, దానిని విడిచి కవిత్వాన్ని వరించినాడు. పదునాలుగేండ్ల వయస్సులో తల్లిని, 1818 డిసెంబరులో తమ్ముడు టామును క్షయవ్యాధి వల్ల పోగొట్టుకొన్నాడు. తమ్ముని మంచం ప్రక్కన కూర్చుండి ఉపచారాలు చేసినది ఆయనే. కనుకనే 1820 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి దగ్గుతో ఒక నెత్తుటి చుక్క పడినప్పుడు, మిత్రుడు చార్లెస్ బ్రౌన్ చేత దీపం తెప్పించి, దాని రంగును పరికించి, అది తన మరణశాసనమని నెమ్మదిగా పలికినాడు. ఆ రోగికి ఎవరూ నిజం చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఎవరూ దాచగలిగినదీ లేదు.

ఇంగ్లండు చలికాలాన్ని ఆయన శరీరం తట్టుకోలేదనీ, ఇటలీ వెళ్ళడమే మార్గమనీ వైద్యులు నిర్ణయించినారు. వెంట ఎవరు వెళ్ళాలి? బ్రౌన్ ఆ సమయానికి స్కాట్లండులో తిరుగుతున్నాడు. తక్కిన మిత్రులకు సంసారాలు, వృత్తులు అడ్డువచ్చినవి. బయలుదేరవలసిన దినం దగ్గరపడిన తరువాత జోసెఫ్ సెవర్న్ అనే చిత్రకారుణ్ణి అడిగినారు. అతనికి ఇరవై ఆరేండ్లు. కీట్సుకు అతడు ప్రాణమిత్రుడని ఎవరూ అనుకొన్నది లేదు. సరదా మనిషి, సంగీతం తెలిసినవాడు, అంతే. రాయల్ అకాడమీ బంగారు పతకం పొంది, పేరు రాబోతున్న దశలో ఉన్నాడు. అడిగినవెంటనే వస్తానన్నాడు. ఇల్లు విడిచే రాత్రి తండ్రి ఆగ్రహంతో తనను గుమ్మంలో కొట్టి పడవేసినాడని అతడు తరువాత వ్రాసుకొన్నాడు. ప్రాణమిత్రుడు కనుక వెళ్ళలేదు, వెళ్ళినందువల్ల ప్రాణమిత్రుడైనాడు.

1820 సెప్టెంబరు 17న వారిద్దరూ ఓడ ఎక్కినారు. అక్టోబరు 21న ఓడ నేపుల్సు రేవు చేరింది గాని, లండనులో టైఫస్ జ్వరం ఉన్నదన్న కారణాన పది దినాలు ఎవరినీ దిగనివ్వలేదు. కవి ఇరవై ఐదవ పుట్టినరోజున వారికి విడుదల కలిగింది. అక్కడినుండి రోముకు చిన్న బండిలో ప్రయాణం. రోగికి చోటు చాలాలని సెవర్న్ చాల దూరం బండి వెంట నడిచినాడు. నడుస్తూ దారి ప్రక్క అడవిపూలు కోసి మిత్రుని చుట్టూ నింపినాడు. అవి వ్యాధిని కుదర్చవని ఇద్దరికీ తెలుసు.

నవంబరు 15న రోము చేరి, స్పెయిన్ కూడలిలోని మెట్లవరుసను ఆనుకొని ఉన్న ఇంట గదులు తీసుకొన్నారు. ఎదుటనే ఉన్న డాక్టరు జేమ్స్ క్లార్క్ శ్రద్ధగా చూచేవాడు. రోగం ముఖ్యంగా కడుపులో ఉన్నదని మొదట అనుకొన్నాడు. భోజనం హోటలునుండి వచ్చేది, నోట పెట్టుకొనేటట్టు ఉండేది కాదు. ఒకనాడు కీట్సు ఆ పదార్థాలన్నిటినీ ఒక్కొక్కటిగా కిటికీలోనుండి కూడలిలోకి పారబోసి, ఖాళీ గిన్నెలను నవ్వుతూ తిరిగి ఇచ్చినాడట. ఆ మరునాటినుండి మంచి భోజనం వచ్చింది. సెవర్న్ పియానో ఒకటి అద్దెకు తెచ్చి హేడన్ స్వరరచనలు వాయించేవాడు. కోలుకొంటాడన్న ఆశ సెవర్న్‌కు కలిగినది ఆ కొద్ది వారాలే.

డిసెంబరు 10న నెత్తురు కక్కడం తిరిగి ఆరంభమైంది. ఆనాటి వైద్యం ప్రకారం చేయి కోసి ఇంకా నెత్తురు తీసినారు. ఆహారం దాదాపు మాన్పించినారు. ఆకలితో చస్తున్నానని రోగి బ్రతిమాలుతుంటే, పెట్టవద్దన్న వైద్యునికీ పెట్టమన్న మిత్రునికీ మధ్య సెవర్న్ నలిగిపోయినాడు. వైద్యుడు కఠినుడు కాడు. రోగికి రుచిస్తుందని ఒక రకపు చేప కోసం రోమంతా తిరిగి తెచ్చినాడు. అది వండి తెచ్చే వేళకు మళ్ళీ నెత్తురు పడింది. ఉన్న విజ్ఞానమే అంత.

ఇక సెవర్న్ దినచర్య ఎట్టిది? ఉదయం పొయ్యి రాజేయాలి. అది రాజుకోదు, పొగ క్రమ్ముతుంది. ఫలాహారం చేయాలి, పక్క సర్దాలి, గది ఊడ్వాలి, చదివి వినిపించాలి. రాత్రి మేలుకోవాలి. రోములోనే ఉండి కూడ రోములోని చిత్రాలను చూచే తీరిక లేదు. అకాడమీవారి యాత్రా వేతనానికి పంపవలసిన చిత్రం ముందుకు సాగలేదు. పైగా క్షయరోగి చనిపోయిన గదిలోని సామానంతా తగులబెట్టాలని ఆనాటి రోము శాసనం. ఆ భయాన్ని రోగి చెవిన పడకుండ దాచవలసివచ్చింది. మనలో రోగిని చూడబోయేవారు పండ్లు చేతికిచ్చి, పావుగంట కూర్చుండి, ధైర్యం చెప్పి లేస్తారు. అది మంచి ఆచారమే. కాని రోగికి అసలు దీర్ఘమైన కాలం ఆ పావుగంట తరువాత మొదలవుతుంది.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష మరొకటి ఉన్నది. ప్రయాణానికి ముందే కీట్సు లాడనం అనే నల్లమందు ద్రావకం ఒక సీసా కొనిపెట్టుకొన్నాడు. డిసెంబరులో దానిని ఇమ్మన్నాడు. మరణం తప్పదు, అది ఎట్లు వస్తుందో తమ్ముని మంచం వద్ద చూచినాను, నాకు ఆ యాతన, నీకు ఈ చాకిరి రెండూ తప్పుతాయని వాదించినాడు. బ్రతిమాలినాడు, కోపించినాడు. సెవర్న్ ఇవ్వలేదు. తన మనస్సు ఎక్కడ మెత్తబడుతుందోనని ఆ సీసాను డాక్టరు క్లార్క్ చేతికి అప్పగించినాడు. ఆ పిమ్మట వైద్యుడు వచ్చినప్పుడెల్లా, చచ్చిన తరువాత బ్రతుకుతున్న ఈ బ్రతుకు ఇంకెన్నాళ్ళని కవి అడిగేవాడు.

సెవర్న్ చేసినది ధర్మమేనా? చదువరులు ఈ ప్రశ్నను సులభంగా దాటవేయరాదు. అతని ఎదుట రెండే మార్గాలున్నవి: సీసా అంతా ఇవ్వడం, చుక్కయైనా ఇవ్వకపోవడం. నొప్పిని, ఆయాసాన్ని తగ్గించేటంత మందును కొలిచి, వేళకు ఇచ్చి, చివరి దినాలను ఓర్చుకోదగినవిగా చేసే మూడవ మార్గం ఆనాడు అతనికి ఎవరూ చూపలేదు. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ లోకానికి వెల్లడించినది 1882లో. మరణాసన్నుల బాధా నివారణను ఒక శాస్త్రంగా తీర్చిన సిసిలీ సాండర్స్ లండనులో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను స్థాపించినది 1967లో. మన దేశంలో కోళిక్కోడులో 1993లో ఆరంభమైన ఉపశమన చికిత్సా ఉద్యమం ఇరుగుపొరుగువారికే శిక్షణ ఇచ్చి రోగుల ఇండ్లకు పంపింది. అదే నల్లమందునుండి తీసిన మార్ఫిన్ నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర ఔషధాల పట్టికలో ఉన్నది. కాబట్టి నేడు మిత్రుని మంచం ప్రక్కన కూర్చున్నవారికి సెవర్న్‌కు లేని కర్తవ్యం ఒకటి అదనంగా ఉన్నది: బాధ తగ్గించే వైద్యం ఎక్కడ దొరుకుతుందో వెదకి, రోగి పక్షాన అడగడం. వ్యాధి కుదరదన్నంత మాత్రాన బాధ తగ్గదని అర్థం కాదు.

సెవర్న్ చేతిలో ఉన్నవి చిన్న చిన్న ఉపాయాలే. రాత్రి తాను నిద్రపోతే క్రొవ్వొత్తి ఆరిపోయి రోగి చీకటిలో పడిపోతాడన్న భయంతో, ఒక వత్తి అడుగునుండి రెండవ వత్తి మొనకు దారం కట్టినాడు. ఆ సంగతి కీట్సుకు చెప్పలేదు. మొదటిది కొడిగట్టే వేళ కీట్సు మేల్కొని, మిత్రుణ్ణి లేపడం ఇష్టంలేక చూస్తూ ఉండగా, నిప్పు దారం వెంట ప్రాకి రెండవ వత్తిని వెలిగించింది. ఎవరో దేవకన్య వచ్చి దీపం వెలిగించిందని కవి పసివానివలె కేకవేసినాడు. ఆ కడపటి దినాలలో ఆయనకు కలిగిన ఆశ్చర్యానందం ఒక దారపుపోగు వల్ల కలిగినదే. జనవరి 28న తెల్లవారుజామున మూడు గంటలకు, నిద్ర ఆపుకోవడానికి సెవర్న్ నిద్రిస్తున్న మిత్రుని ముఖాన్ని సిరాతో చిత్రించినాడు. చెమటతో తడిసిన జుట్టు, మూసిన కన్నులు ఆ బొమ్మలో నేటికీ చూడవచ్చును.

ప్రేయసి ఫానీ బ్రాన్ వ్రాసిన ఉత్తరాలను విప్పే ధైర్యం కీట్సుకు లేకపోయింది. తనతోబాటు సమాధిలో ఉంచమన్నాడు. తనను ఖననం చేయబోయే చోటు ఎట్లున్నదో చూచి రమ్మని సెవర్న్‌ను పంపినాడు. అక్కడ గడ్డిలో వయొలెట్ పూలు పూసినవని విని సంతోషించినాడు. ఇక్కడ సెవర్న్ ఒక గొప్ప పని చేసినాడు: ఆ మాటలెందుకు, నీకేమి కాదని కొట్టివేయలేదు. వెళ్ళి చూచి వచ్చి చెప్పినాడు. పోయేవాడు తన పోకను గురించి మాట్లాడదలచినప్పుడు వినగలగడం అందరివల్ల అయ్యే పని కాదు.

1821 ఫిబ్రవరి 23, శుక్రవారం. సాయంకాలం నాలుగు గంటలకు తనను ఎత్తి పట్టుకొమ్మని కీట్సు అడిగినాడు. భయపడవద్దని, ధైర్యంగా ఉండుమని మిత్రునికే చెప్పినాడు. ఐదు నెలలకు పైగా సాగిన ఓదార్పు ఆ ఘడియలో దిక్కు మార్చుకొన్నది. రాత్రి పదకొండు గంటలకు సెవర్న్ చేతులలోనే ప్రాణం పోయింది.

కవి కోరిక ప్రకారం సమాధి మీద ఆయన పేరు చెక్కలేదు. నీటి మీద వ్రాసిన పేరుగలవాడని ఉన్నది. తీగెలు తెగిన వీణ బొమ్మ సెవర్న్ కల్పన. చిత్రకారుడుగా అతడు చాలకాలం జీవించినాడు, రోములో బ్రిటిషు కాన్సలుగా పనిచేసినాడు, 1879లో ఎనుబది ఐదవ యేట మరణించినాడు. అతని చిత్రాలను నేడు తలచుకొనేవారు కొద్దిమంది. ఆ ఐదు నెలలను తలచుకొనేవారు లోకమంతటా ఉన్నారు. 1882లో అతని అస్థికలను మిత్రుని ప్రక్కకు చేర్చినారు. అతని శిల మీద, జాన్ కీట్సుకు మరణశయ్య వద్ద తోడున్న మిత్రుడని వ్రాసినారు. కవి శిల మీద లేని పేరు చెలికాని శిల మీద ఉన్నది. నిలిచినవాడు ఇంకా ప్రక్కనే నిలిచి, వచ్చినవారికి ఆ పేరు చెప్పుచున్నాడు.