మందెంత? గుండెంత?

జైపూర్ పక్కన జైగఢ్ కోటలో జైవాణ ఫిరంగి ఉంది. 1720లో పోతపోసిన ఈ 50 టన్నుల భారీకాయాన్ని ఒకే ఒక్కసారి, అదీ పరీక్ష కోసం పేల్చారట. 50 కిలోల గుండుకు 100 కిలోల మందు దట్టించారని అక్కడివాళ్లు చెబుతారు. అంటే గుండుకు రెట్టింపు మందు! ఆ గుండు 35 కిలోమీటర్లు పోయి చాక్సు దగ్గర పడి చెరువైందన్న కథను మాత్రం నవ్వుకుని వదిలేయాలి. పాతకాలపు తుపాకీ మందు కాలితే సగానికి పైగా మసిగా, పొగగానే మిగులుతుంది. ఒక హద్దు దాటాక ఎంత పోసినా పెరిగేది దూరం కాదు, పొగే.

మాస్కోలోని జార్ ఫిరంగి (1586) నోరు 89 సెంటీమీటర్ల వెడల్పు. ముందు పేర్చిన ఇనుప గుండ్లు 19వ శతాబ్దంలో అలంకారానికి పోతపోసినవి. వాటికి మందు లెక్కే అక్కర్లేదు.

భుజానికి ఆనించి పేల్చే వాటిలో ఆంగ్లేయ వేటగాడు సామ్యూల్ బేకర్ తుపాకులది వేరే వరుస. 1840లో బ్రిస్టల్ నగరంలో గిబ్స్ చేత చేయించుకున్న రైఫిల్ బరువు 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు. 3 ఔన్సుల గుండుకు ఒక ఔన్సు మందు పోసి సింహళంలో ఏనుగులను వేటాడాడు. తర్వాత ఆఫ్రికాకు పట్టుకెళ్లిన ‘బేబీ’కి అర పౌండు గుండు. మందు మాత్రం 10 డ్రాములే, గుండు బరువులో పదమూడో వంతు. మందు తగ్గినా తాపు తగ్గలేదు. పేల్చినప్పుడల్లా మనిషిని గిర్రున తిప్పేసేదట. బరువైన సీసం ముందుకు కదలాలంటే భుజం అంత మూల్యమూ చెల్లించాల్సిందే మరి.

చేతి తుపాకుల్లో 1847 నాటి కోల్ట్ వాకర్ మొండిఘటం. రెండు కిలోల పైబడిన ఈ రివాల్వర్‌లో ఒక్కో గదికి 60 గ్రెయిన్లు, అంటే సుమారు 4 గ్రాముల మందు పట్టేది. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన స్ప్రింగ్‌ఫీల్డ్ సైనిక రైఫిల్‌కు పోసిందీ అంతే! చాలా వాకర్ల గదులు పేలిపోయాయి. తర్వాతి మోడల్లో కోల్ట్ కంపెనీ మందు 50 గ్రెయిన్లకు దించింది.

నన్నడిగితే అసలు విశేషం విట్‌వర్త్ రైఫిల్‌ది. అప్పట్లో బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్‌కు 530 గ్రెయిన్ల తూటా, 70కి కాస్త తక్కువ మందు. విట్‌వర్త్‌కూ తూటా బరువు అంతే, మందూ ఇంచుమించు అంతే. తేడా గొట్టంలో ఉంది. ఎన్‌ఫీల్డ్ లోపలి గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, ఆరు పలకల విట్‌వర్త్ గొట్టం 20 అంగుళాలకే తిరుగుతుంది. అందులో తూటా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. 1857 పరీక్షల్లో 500 గజాల దూరాన ఎన్‌ఫీల్డ్ సగటున రెండడుగులకు పైగా తప్పితే, విట్‌వర్త్ తప్పింది అయిదంగుళాల లోపే. 1860లో వింబుల్డన్ తుపాకీ పోటీలను విక్టోరియా రాణి దీనితోనే ప్రారంభించింది. పీటకు బిగించిన తుపాకీ మీటకు కట్టిన పట్టుతాడు లాగింది. 400 గజాల దూరంలో తూటా గురి మధ్యకు రెండంగుళాల లోపే తగిలింది.

కొలత తప్పడంలో రికార్డు మాత్రం అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్‌ది. 1863 జులైలో ఆ యుద్ధభూమి నుంచి ఏరి తెచ్చిన 27,574 తుపాకుల్లో దాదాపు 24,000 పేలకుండా మందుతోనే ఉన్నాయి. సుమారు సగం వాటిలో రెండేసి దట్టింపులు. ఒకదానిలోనైతే ఏకంగా 23! ఆ హోరులో తన తుపాకీ పేలిందో లేదో సిపాయికే తెలియదు. మళ్లీ మందు, మళ్లీ గుండు, మళ్లీ కడ్డీతో కూరడం.

గొట్టం నోట్లోంచి మందు దట్టించే రైఫిళ్లకూ కొత్తరకాలకూ ఒక పెద్ద పోటీ 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ సమీపాన క్రీడ్‌మూర్‌లో జరిగింది. ఐర్లాండ్ జట్టుకు పాతరకం రిగ్బీలు, అమెరికన్లకు వెనక నుంచి తూటా పెట్టే కొత్తరకాలు. దూరాలు 800, 900, 1000 గజాలు. చివరి షాట్ ముందు అమెరికా జట్టులోని కర్నల్ బోడిన్ చేతిలో జింజర్ బీరు సీసా పగిలి రక్తం కారింది. గుడ్డ చుట్టుకునే గురి మధ్యనున్న నడిబొమ్మ కొట్టాడు. 934–931తో అమెరికా నెగ్గింది. ఐరిష్ జట్టులో మిల్నర్ అంతకుముందే ఒక గుండును సరిగ్గా నడిబొమ్మలో కొట్టాడు, కానీ పక్కవాళ్ల గురిబల్ల మీద. ఆ రోజుల్లో నడిబొమ్మకు నాలుగు పాయింట్లు.