వృద్ధుల పరిచారకులు - వారి ఓర్పునకు మూలము



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడను గాను. అయినను, 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి వ్యాపించినప్పుడు వృద్ధులను కనిపెట్టుకొని యుండిన పరిచారకులు ఎట్టి మనోభారమును మోసిరో, ఏ యాధారముచే దానిని తట్టుకొనిరో నేడు మనవి చేయదలచితిని. ఇది మనకు పరాయి విషయము గాదు. నేడో రేపో మనలో పెక్కండ్రము మరియొకరి చేతి గంజి త్రాగవలసినవారమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధిని మహమ్మారి యని ప్రకటించిన దినము 2020 మార్చి 11. అంతకు కొలది దినములకు ముందే, వృద్ధులయెడ దాని క్రౌర్యమెట్టిదో అమెరికాలో సియాటిల్ నగరమునకు చేరువనున్న కర్క్‌లాండ్ పట్టణమున వెల్లడియయ్యెను. అచటి యొక వృద్ధ సంరక్షణాలయమునకు సంబంధించి మార్చి 18 నాటికి 167 మందికి వ్యాధి సోకినట్లు తేలెను. వారిలో 101 మంది అచట నివసించువారు. 50 మంది సిబ్బంది. 16 మంది చూడవచ్చినవారు. ఆ 50 మందిని మనము మరువరాదు. మంచముపై నున్నవారికే గాక మంచము ప్రక్క నిలిచినవారికిని అది ప్రాణగండమే.

పరిచారకుల భారము మూడు విధములని నాకు తోచుచున్నది. మొదటిది భయము. దూరముగా నుండుడని యెల్లరకును చెప్పిరి. కాని ముసలివారికి నీళ్లు పోయుట, అన్నము తినిపించుట, ప్రక్క మార్చుట దూరమున నిలిచి చేయదగిన పనులా? తనవలన వృద్ధులకు వ్యాధి సోకునేమో, వారివద్దనుండి తన బిడ్డలకు కొనిపోదునేమో యను రెండు భయముల నడుమ వారు నలిగిరి.

రెండవది కడుపుకూటి బాధ. కర్క్‌లాండు విషయమును విచారించిన ప్రభుత్వ వైద్యులు, కొందరు సిబ్బంది ఒకటికంటె నెక్కువ ఆలయములలో పనిచేయుచుండుటయు, జబ్బు లక్షణములున్నను పనికి వచ్చుటయు వ్యాధి ప్రాకుటకు తోడ్పడినవని తెలిపిరి. ఇది విని వారిని నిందింపవలదు. ఒక చోటి జీతము చాలనివాడు రెండవ చోటికి పోక యేమి చేయును? పడుకొన్ననాడు కూలి లేదన్నచో ఎవడు పడుకొనును?

మూడవది దుఃఖము. బంధువులను లోనికి రానీయని దినములవి. కన్నబిడ్డల స్థానమున పరిచారికయే నిలువవలసివచ్చెను. అవసానదశలో నున్నవారి చెవియొద్ద సెల్‌ఫోను పట్టుకొని, కొడుకు మాటలు వినిపించి, కన్నీరు తుడుచుకొను వ్యవధి లేక ప్రక్క మంచమునకు పోయినవారెందరో కలరు. ఇంకను ఏదో చేసియుండవలసినదను పశ్చాత్తాపము పిమ్మటగూడ వారిని విడువలేదు.

ఇట్టి భారమును వారెట్లు తట్టుకొనిరి? ఓర్పు పుట్టుకతో వచ్చు గుణమని మనము సాధారణముగా తలంతుము. మనుష్యుని పశువుతో పోల్చుట తగదు గాని, కాపువారికి తెలిసిన మాట యొకటి చెప్పెదను. ఎంత బలమైన యెద్దయినను జోడు లేక కాడి మోయలేదు. నీరును నీడయు లేక మధ్యాహ్నము దాటలేదు. ఓర్పును ఇట్టిదే. దానికి తోడును, విశ్రాంతియు, తగిన కూలియు కావలయును.

తోడుండిన నేమగునో ఫ్రాన్సు దేశమున కనబడినది. లియోన్ నగర శివారునందలి విలానోవా అను ఆశ్రమమున 106 మంది వృద్ధులుండిరి. 2020 మార్చి 18న అచటి 50 మంది సిబ్బందిలో 29 మంది తమ యిచ్ఛచేతనే ఇండ్లు విడిచి, వృద్ధులతోపాటు లోపలనే యుండ నిశ్చయించుకొనిరి. నేలపై పరుపులు పరచుకొని నిద్రించిరి. కొందరు నడుమ వచ్చుచు పోవుచునున్నను, అధికారిణియు మరి 12 మందియు 47 దినములు కదలలేదు. మే 4వ తేదీన బయటికి వచ్చునప్పటికి వృద్ధులలో ఒక్కరైనను కరోనాచే మరణింపలేదు. ఆజ్ఞాపించిన అధికారిణియే తమతో నేలపై పడుకొనినప్పుడు పనివారికి బలము కలుగుట సహజము. అయినను ఇది యెల్లచోట్ల సాగునది గాదు. పసిబిడ్డలు గలవారు ఎట్లు రాగలరు?

కెనడా దేశమందలి బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వము ఆ వసంతముననే వేరొక మార్గము చూపెను. పరిచారకుడు ఒక్క ఆలయముననే పనిచేయవలెనని శాసించి, అందువలన నష్టము గలుగకుండ జీతములను హెచ్చించెను. ఇందు శాసనముకంటె జీతమే ముఖ్యము.

మన దేశమున కేరళమందలి కొట్టాయము ప్రభుత్వ వైద్యకళాశాలలో 93 ఏండ్ల వృద్ధుడును, 88 ఏండ్ల ఆయన భార్యయు కోలుకొని 2020 ఏప్రిల్ నెలలో ఇల్లు చేరిరి. వేరువేరు గదులలో వారు బెంగపడుచుండగా, ఒకరికొకరు కనబడునట్లు ఒక్కచోటికి మార్చిరట. వారికి పరిచర్య చేసిన నర్సునకు వ్యాధి సోకెను. ఆమెయు కోలుకొని, తిరిగి ఆ పనికే వత్తునని చెప్పెను. అదే నెలలో కొన్నిచోట్ల నర్సులను అద్దెయిండ్లనుండి పొమ్మన్నవారును గలరు. అందుచేతనే 1897 నాటి అంటువ్యాధుల చట్టమును 2020 ఏప్రిల్ 22న సవరించి, వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేయువారికి శిక్ష విధింపవలసివచ్చెను.

ఇతరులను గూర్చి చెప్పితిని. నా తప్పునుగూడ చెప్పుట న్యాయము. 2021 మే నెలలో మా తల్లిగారికి ఎనుబదియెనిమిదేండ్లు, మంచము పట్టియుండిరి. వారిని చూచుకొను ఆమెతో, "రాకపోకలు మానుము, ఇక్కడనే యుండుము" అని నేను ఖండితముగా చెప్పితిని. ఆమె పెరటి పంచలో పడుకొనెడిది. సందెవేళ ఆమె కూతురు, ఏడెనిమిదేండ్ల పిల్ల, దడి కావల నిలిచి చేయి యూపి పోయెడిది. జీతమిచ్చుచున్నాను గదా యని నేను దానిని గమనింపనైనను లేదు. ఇరువది దినములు గడచిన పిమ్మట ఒకరాత్రి నూతియొద్ద ఏడ్పు వినబడెను. ఏమని అడుగగా ఆమె ఇట్లనెను: "ఏమీ లేదండీ పంతులుగారూ. అమ్మగారు దగ్గినప్పుడల్లా నా మూలంగానే వచ్చిందేమో అని గుండె దడదడలాడుతుంది. ఒక్క రాత్రి నిద్రపోతే చాలండీ."

ఆమె సొమ్ము అడుగలేదు, నిద్ర అడిగెను. పిల్లలకు దయను గూర్చి పాఠములు చెప్పిన నాకు తల వంగినది. మరునాటినుండి నేనును నా భార్యయు రాత్రులు వంతులు వేసికొంటిమి. కూతురితో సెల్‌ఫోనులో ముఖముచూచి మాటలాడుకొను ఏర్పాటు చేసితిమి. అప్పటినుండి ఆమె ముఖమున తేట కనబడెను. 2023లో మా తల్లిగారు పరమపదించునప్పుడు కడపటి గ్రుక్కెడు నీరు పోసిన చేయి ఆమెదే.

ఆ మహమ్మారి యత్యవసర స్థితి ముగిసినదని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. కాని ముసలితనము ముగియునది గాదు. పరిచర్యయు ముగియునది గాదు. కావున పెద్దలకు నా మనవి యిది. ఇంట పరిచారకులను పెట్టుకొన్నవారు వారికి రాత్రి నిద్రయు, వారమున కొకనాడు సెలవును ఇండు. జబ్బుపడిన దినములకు జీతము కోయకుడు. ఒక్కరిపైననే భారమంతయు మోపక ఇంటివారును చేయి కలుపుడు. మంచముపై నున్న మనము సైతము చేయదగినది యొకటి కలదు. వారిని పేరుపెట్టి పిలిచి, "తిన్నావా అమ్మా?" అని యడుగుట. దీనికి ఖర్చు లేదు. వారి ఓర్పును నిలుపు ఆధారములలో ఇదియు నొకటి.

ఇక సెలవు.