గాలికి కదిలే ఉక్కు: జార్జ్ రికీ శిల్పకళ

శిల్పంలోని భాగాలు నిజంగానే కదులుతూ, ఆ కదలికే కళాకృతికి ప్రాణమైనప్పుడు దానిని చలనశిల్పం అంటారు. నామ్ గాబో 1920లో రష్యాలో విద్యుత్ మోటారుతో కంపించే సన్నని కడ్డీని ప్రదర్శించి ఈ మార్గాన్ని తెరవగా, అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ తీగలకు వేలాడే రంగురేకులతో దానిని జనరంజకం చేశారు. కాల్డర్ కంటే తొమ్మిదేళ్లు చిన్నవారైన జార్జ్ రికీ (1907–2002) నలభయ్యో ఏడు సమీపించేదాకా ఈ వైపు రాలేదు. ఆలస్యంగా వచ్చినా, కదలికను ఒక శాస్త్రంలా పరిశీలించడంలో ఆయనకు సాటి రాగలవారు అరుదు.

రికీ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. తాత గడియారాలు చేసేవారు. తండ్రి సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ ఇంజినీరు కావడంతో కుటుంబం 1913లో స్కాట్లాండ్‌కు తరలగా, అక్కడి క్లైడ్ తీరంలో పడవ నడుపుతూ ఆయన బాల్యం గడిచింది. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, పారిస్‌లో చిత్రలేఖనం చదివి, చాలాకాలం చిత్రకారుడిగా, అధ్యాపకుడిగా ఉన్న ఆయనకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళంలో యుద్ధవిమానాల తుపాకీ యంత్రాలకు సంబంధించిన పని దొరికింది. అక్కడి పనిముట్లే ఆయనలోని యంత్రాభిరుచిని మేల్కొలిపాయి, 1945లో తొలి చలనశిల్పం రూపుదిద్దుకుంది.

కాల్డర్ రేకులు ఆకుల్లా, చేపల్లా కనిపిస్తాయి; రికీ మాత్రం ఆకారాన్ని వీలైనంత తగ్గించి, గీత, చతురస్రం వంటి సాదా రూపాలకే పరిమితమయ్యారు, ఎందుకంటే ఆకారం ఆకట్టుకుంటే చూపు కదలిక మీద నిలవదని ఆయన భావన. మోటారు ఆయనకు అక్కరలేదు, గాలి చాలు. పొడవైన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని దాని కింది భాగంలో ఒక ఇరుసుపై నిలిపి, ఇరుసుకు దిగువన సీసపు బరువు కూర్చితే అది తలకిందుల లోలకంలా నిటారుగా నిలుస్తుంది. ఆ మొత్తం గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు, ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే ఊగు అంత నెమ్మదిస్తుంది. బంగారం తూచే త్రాసులో దండె కత్తి అంచు వంటి ఆధారంపై ఆడినట్లే, ఆయన తొలి శిల్పాల్లో కడ్డీలు పదునైన అంచుపై ఆడేవి; పెద్దవాటికి తరువాత బేరింగులు వాడారు. వేగం కోసం తయారైన ఇంజినీరింగ్ జ్ఞానాన్ని ఇలా మందగమనానికి వినియోగించడమే రికీ ప్రతిభలోని విశేషం.

1964లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనలో సుమారు 35 అడుగుల ఎత్తున నిలిచిన ‘టూ లైన్స్ టెంపొరల్’ ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చింది. రెండు సూదుల వంటి కడ్డీలు ఒకదాని పక్క నుంచి ఒకటి తగలకుండా వాలి, ఆగి, మళ్లీ లేస్తాయి. ఫొటోలో ఇది రెండు స్తంభాలకు మించి కనిపించదు. రికీకి దక్కవలసినంత ప్రచారం దక్కకపోవడానికి బహుశా ఇదీ ఒక కారణం.

ఆయన రచయిత కూడా. చలనకళపై 1963లో వెలువరించిన వ్యాసంలో ఓడకు ఉండే కదలికలను, ముందువెనుకల ఊగడం, పక్కలకు ఒరగడం, పైకిలేచి కిందికి దిగడం వంటివాటిని, శిల్పి వాడదగిన మూల చలనాలుగా వర్గీకరించారు. 1967లో నిర్మాణవాదంపై, అంటే యంత్రయుగపు పదార్థాలతో జ్యామితీయ రూపాలను నిర్మించే కళాధోరణిపై, చరిత్రగ్రంథం ప్రచురించారు. చిన్ననాటి పడవలు, కాలేజీ చరిత్రపాఠాలు రెండూ ఇక్కడ అక్కరకొచ్చాయి.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ చాథమ్ గ్రామంలో దశాబ్దాలపాటు పనిచేసిన ఆయన 95వ ఏట మరణించారు. ఆ శిల్పాలను కాపాడేవారికి మిగిలిన పని మామూలు విగ్రహాల సంరక్షణ వంటిది కాదు: బేరింగు అరిగితే కదలిక గుణమే మారిపోతుంది, భవనం లోపల ఉంచితే గాలి ఆడదు, బయట నిలిపితే ఆ బేరింగులే ఎండనూ వాననూ తట్టుకోవాలి.