లింకన్ ప్రకటన కన్నా ముందే బండి ఏరు దాటింది

1862 ఆగస్టులో తీసిన ఫోటో ఒకటి ఉంది. చోటు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రాపహానక్ నది. తీసినవాడు తిమోతీ ఓసలివన్. ఎద్దుల బండి నీళ్ళలో దిగి నది దాటుతున్నది. బండి మీద నల్లజాతి బానిసలు. దక్షిణాది యజమానుల చెర విడిపించుకొని ఉత్తరాది సైన్యం వైపు వస్తున్నారు. దొరికిపోతే కొరడా దెబ్బలే. అయినా బండి కట్టారు.

బానిసలను విడిపించిందెవరని అడిగితే అందరం లింకన్ పేరు చెబుతాం. ఆయన విముక్తి ప్రకటన అమలులోకి వచ్చింది 1863 జనవరి 1న. ఈ బండి అంతకు నాలుగు నెలల ముందే ఏరు దాటింది గదా!

మొదట దారి తీసినవాళ్ళలో ముగ్గురు పొలం పనివాళ్ళున్నారు. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలొరీ, జేమ్స్ టౌన్‌సెండ్. దక్షిణాది సైన్యం వాళ్ళచేత ఫిరంగి దిబ్బలు కట్టించుకుంటున్నది. 1861 మే 23 రాత్రి పడవెక్కి ఉత్తరాది సైన్యమున్న మన్రో కోటకు చేరారు. మర్నాడు యజమాని తరఫున ఒక అధికారి వచ్చి, అప్పగించమన్నాడు. జనరల్ బట్లర్ కుదరదన్నాడు. అయితే మనుషులు గనుక ఇవ్వనన్నాడా? లేదు. శత్రువు యుద్ధానికి వాడుకునే సరుకు గనుక పట్టుకుంటాం అన్నాడు. అప్పటినుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు 'కాంట్రాబాండ్' అనే పేరు పడింది. అంటే పట్టుబడిన యుద్ధ సరుకు. ఆనాటి ఫోటోల కింద కూడా అదే మాట రాశారు. బొమ్మలో మొహాలున్నాయి, కింద పేర్లు లేవు.

సైన్యం దగ్గర సుఖమేమీ లేదు. చాకిరీ చేయించుకొని కూలి ఎగ్గొట్టిన చోట్లున్నాయి. శిబిరాల్లో రోగాలతో ఎందరో చచ్చిపోయారు. అయినా రాక ఆగలేదు. యుద్ధం ముగిసేనాటికి వచ్చినవారు సుమారు 5 లక్షలని అంచనా. మొత్తం 1,80,000 మంది దాకా నల్లవారు సైన్యంలో చేరి పోరాడారు. అటు దొరల చేలల్లో పనిచేసే చేతులు కరువయ్యాయి. నల్లజాతి చరిత్రకారుడు డూబోయిస్ 1935లో రాసిన పుస్తకంలో దీన్ని సార్వత్రిక సమ్మె అన్నాడు. సంఘం లేదు, జెండా లేదు, కరపత్రం లేదు. పని మానారు, కదిలి వెళ్ళారు.

1865 డిసెంబరులో బానిసత్వం రద్దయిందని రాజ్యాంగంలో రాసుకున్నారు. రాసిన చేతులను మనం కాదనం. కాని ఈ కథ కూలి జనానికి చెప్పేటప్పుడు ప్రకటన దగ్గర మొదలుపెట్టవద్దు. పడవ దగ్గర, బండి దగ్గర మొదలుపెట్టండి.