ఎవరు చేశారో అడుగుదాం రండి!

శాన్ ఫ్రాన్సిస్కోలో సముద్రపు ఒడ్డున, ఎత్తైన గడియారపు బురుజుతో ఒక పాత కట్టడం ఉంది. పేరు ఫెర్రీ బిల్డింగ్. 1898లో తెరిచారు. పెద్ద వంతెనలు రాకముందు అవతలి ఒడ్డు నుంచి పడవల మీద వచ్చేవాళ్ళు ఇక్కడే దిగేవారు. తర్వాత కార్లు పెరిగాయి, పడవలు తగ్గాయి, కట్టడానికి అడ్డంగా రెండంతస్తుల ఫ్రీవే కూడా వచ్చింది. 1989 అక్టోబరు భూకంపంలో ఆ ఫ్రీవే దెబ్బతింటే, 1991లో కూల్చడం మొదలుపెట్టారు. ఖాళీ అయిన ఆ చోట 1992లో రైతులు ఒక్కరోజు సంత పెట్టారు. జనానికి ఎంత నచ్చిందంటే, 1993 నుంచి అది మామూలుగా జరిగే సంత అయిపోయింది. అదే ఫెర్రీ ప్లాజా ఫార్మర్స్ మార్కెట్. మా తెలుగు బడి టీచర్లం, కొందరు తల్లిదండ్రులం కలిసి ఒక శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళాం.

కూరగాయలు సేఫ్‌వేలోనూ దొరుకుతాయి కదా, ఇంత దూరం ఎందుకు అని పిల్లలు ముందే అడిగారు. న్యాయమైన ప్రశ్నే! కాలిఫోర్నియాలో 1977లో ఒక నియమం వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి 'సర్టిఫైడ్' సంతల్లో రైతులు తాము పండించిన పంటను దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవచ్చు. అయితే పక్కవాడి దగ్గర కొని తెచ్చి తమ పంటగా అమ్మకూడదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతు బజార్ల వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. పంటతోపాటు రొట్టెలు, చీజ్, జామ్, ఊరగాయలు చేసేవాళ్ళు కూడా ఈ సంతకు వస్తారు. చాలా చోట్ల బల్ల వెనక నిలబడింది చేసిన మనిషే కాబట్టి, ఏ ప్రశ్నకైనా జవాబు అక్కడే దొరుకుతుంది.

పిల్లలకు మూడే ప్రశ్నలు రాసిచ్చాం. ఇది మీరే చేశారా? ఎలా చేస్తారు? ఎన్నాళ్ళు పడుతుంది?

మొదట రొట్టెల బల్ల. ఈ ఊరికి పేరు తెచ్చింది పుల్లటి సవర్‌డో రొట్టె. ఇందులో కొన్న ఈస్ట్ వెయ్యరు. పిండి, నీళ్ళు కలిపి ఉంచితే సహజంగా ఉండే ఈస్ట్, లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా అందులో పెరుగుతాయి. రోజూ కాస్త తీసి కొత్త పిండికి కలుపుతారు. ఇక్కడి పిండిలో దొరికిన ఒక బాక్టీరియాకు 1971లో శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టారు. తర్వాత చూస్తే అది యూరప్ రొట్టెల్లోనూ ఉంది! రొట్టెలాయన "మీ ఇంట్లో ఇలాంటిది ఏమైనా ఉందా?" అని అడగగానే, రెండో తరగతి పాప "మా అమ్మ పెరుగు తోడు" అంది. మేం ఉప్పొంగిపోయాం. నిజమే కదా! నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా ఇవాళ్టి పాలల్లోకి. తోడు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్ళడం మనకు తెలియనిదా? దోశల పిండి కూడా అంతే. మినప్పప్పు, బియ్యంతో వచ్చిన సూక్ష్మజీవులే దాన్ని పొంగిస్తాయి. చలికాలంలో పిండిగిన్నెను అవెన్‌లో పెట్టి లైటు వెయ్యడం వాటికి వెచ్చదనం కోసమే.

తర్వాత చీజ్ బల్ల. నిఘంటువుల్లో చీజ్‌కి 'జున్ను' అని అర్థం ఉంటుంది కానీ, మన జున్ను వేరు పిల్లలూ. అది ఈనిన ఆవు లేదా గేదె మొదటి రోజుల పాలతో చేసేది. చీజ్‌కి మామూలు పాలే వాడతారు. వాటిని పులియబెట్టి, 'రెన్నెట్' అనే పదార్థంతో విరిచి, నీరు పిండేసి, ఉప్పు వేసి, నెలల తరబడి మాగబెడతారు. కిలో గట్టి చీజ్‌కి సుమారు 10 లీటర్ల పాలు కావాలి. ఖరీదు ఎందుకు ఎక్కువో అప్పుడు పిల్లలకు అర్థమయింది. శాకాహారులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రెన్నెట్ దూడ పొట్టలోంచి తీసింది కావచ్చు, సూక్ష్మజీవుల నుంచి తయారైనది కావచ్చు. అట్ట మీద రాసి లేకపోతే అడగండి, చేసినవాళ్ళు చెబుతారు.

తేనె బల్ల దగ్గర ఒక తండ్రి గడ్డకట్టిన సీసా చూసి పంచదార కలిసిందేమో అని అనుమానపడ్డారు. అలా ఏమీ కాదు. తేనెలోని గ్లూకోజ్ సహజంగానే గడ్డకడుతుంది, గోరువెచ్చని నీళ్ళలో సీసా ఉంచితే మళ్ళీ కరుగుతుంది. ఒక పనిచేసే తేనెటీగ జీవితమంతా కష్టపడితే తయారయ్యేది చెంచాలో పన్నెండో వంతు తేనె! పిల్లలు ఆ సీసా వైపు చూసిన చూపే మారిపోయింది. ఏడాది నిండని పసివాళ్ళకు మాత్రం తేనె నాకించకూడదు.

చివరికి ఊరగాయల బల్ల. కీరదోస, క్యాబేజీ ఉప్పునీళ్ళలో ఊరబెట్టి అమ్ముతున్న ఆవిడ పిల్లల్ని ఎదురు ప్రశ్న వేశారు. "మీ దేశంలో మామిడికాయతో చేస్తారటగా, ఎలా?" పన్నెండుమంది పిల్లలు ఉన్నారు. అందరూ ఆవకాయ తిన్నవాళ్ళే. ఒక్కరికీ చెప్పడం రాలేదు. ఒక బాబు మెల్లిగా "ఇండియా నుంచి వస్తుంది" అన్నాడు.

ఆ మాట మాకు నవ్వు తెప్పించలేదు. ఆ రొట్టెలాయన తన పద్ధతి కాగితం మీద రాసుకున్నాడు, పనివాళ్ళకు నేర్పుతున్నాడు. మన అమ్మల చేతిలో ఉన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. "కంటికి ఆనినంత ఉప్పు, పిడికెడు మెంతులు" అంటారు. ఆ కన్ను, ఆ పిడికిలి ఉన్నంతవరకే ఆ ఆవకాయ. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని ప్రోగ్రాం అన్నమాట.

అమ్మాలనే ఉత్సాహం ఉన్నవారికి ఒక మాట. ఇంటి వంటగదిలో చేసి అమ్మడానికి కాలిఫోర్నియాలో 2013 నుంచి కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. బిస్కట్లు, రొట్టెలు, జామ్‌ల వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, పచ్చళ్ళు లేవు. సీసాలో గాలి ఆడని చోట పులుపు చాలకపోతే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 లేక అంతకన్నా తక్కువ ఉంటే ఆ క్రిమి పెరగదు. అందుకే పచ్చళ్ళు అమ్మాలంటే పరీక్ష, అనుమతి ఉన్న వంటశాల తప్పవు. ఇంట్లో వాడుకోవడానికైతే మామిడి పులుపు, ఉప్పు, ఆవపిండి, పైన తేలే నూనె, తడి తగలని జాడీ అని పెద్దలు పెట్టిన కట్టుబాట్లు ఉన్నాయి. వాటి వెనక ఉన్న కారణం కూడా పిల్లలకు చెబుదాం.

వేసవిలో చాలామంది ఇళ్ళకు అమ్మమ్మలు, నాన్నమ్మలు, తాతయ్యలు వస్తారు. ఈసారి ఒక ఆదివారం బడిలోనే ఆవకాయ కలుపుదామని అనుకున్నాం. పెద్దవాళ్ళు చేత్తో వేసే ప్రతి పాళ్ళనూ పిల్లలు ముందు తూచి, తెలుగులో రాసుకోవాలి. ముక్కలు ఎన్ని, కారం ఎంత, మూడో రోజు తిరగకలపడం ఎందుకు, అన్నీ వాళ్ళే అడగాలి. గోదావరి జిల్లాల వారి పాళ్ళు, గుంటూరు వారి పాళ్ళు, తెలంగాణ వారి పాళ్ళు పక్కపక్కన రాస్తే మంచి పుస్తకమే అవుతుంది. ఏది రుచి అన్న తగవు మాత్రం పెద్దవాళ్ళకే వదిలేద్దాం!

మీ ఊళ్ళోనూ ఏదో ఒక సంత ఉండే ఉంటుంది. పిల్లల్ని తీసుకువెళ్ళండి, ఆ మూడు ప్రశ్నలు అడగనివ్వండి. ఇంటికొచ్చాక అవే మూడు ప్రశ్నలు అమ్మమ్మనూ అడగమనండి.